చెరువు ఒడ్డున నిలిచిన బండ్లు

కడపజిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర ఒక శిలాశాసనము కలదు. విజయనగరమునేలిన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించి క్రీ. శ. 1369 లో దానిని వేయించెను. నిత్యము వేయిమంది కూలీలు పనిచేసిరనియు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు నడచినవనియు, పని ముగియుటకు రెండేండ్లు పట్టినదనియు అందున్నది. చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, కూడని ఆరు దోషములను గూడ ఆ శాసనమే చెప్పుచున్నది. కట్టనుండి నీరు ఊరుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, నీరు తక్కువయై నేల యెక్కువగుట, నేల తక్కువయై నీరెక్కువగుట, ఇవి యైదు. మిగిలినది చెరువు నడుమ తాబేటి వీపువలె మెట్ట లేచి యుండుట.

ఆ కాలమున ఈ మెట్ట దైవికముగా నేలలో నుండిన దోషము. తెలిసినవాడు అట్టి చోటు విడిచి వేరొక చోట చెరువు కట్టెడివాడు. నేడు మనము టిప్పర్లతో మొరము తోలించి, రోలరుతో దిమ్మిస చేయించి, సొమ్ము వెచ్చించి ఆ దోషమును తెచ్చిపెట్టుకొనుచున్నాము. ఆ మెట్టమీద ఇల్లు కట్టిన నలుగురి కంట బడును. బండ్లు నిలిపినచో ఎవరును పట్టించుకొనరు. ఈ రెండవ సంగతినే గూర్చి కొంత చెప్పవలెనని నా తలంపు.

మహబూబునగరునుండి నాగర్‌కర్నూలునకు పోవు దారిలో బిజినేపల్లి యున్నది. 2016 అక్టోబరు 11 వ తేదీన పాత మహబూబునగరు జిల్లాను విభజించినప్పుడు ఈ మండలము నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. వ్యవసాయ పరిశోధన కేంద్రమున్న పాలెము, శనైశ్చరుని దర్శనమునకు జనులు వచ్చు నందివడ్డెమాను ఈ మండలములోనివే. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకములో 16 టి. ఎం. సి.లకు మించిన నీటిని నిలుపుటకు కట్టిన వట్టెం జలాశయము గూడ ఇచ్చటిదే. పాలమూరు మట్టిపనివారు దేశమంతట కాలువలు త్రవ్విరి, కట్టలు పోసిరి. నాడు వారి చేతిలో పార, తట్ట యుండెను. నేడు వారి బిడ్డలలో కొందరు అప్పుచేసి ట్రాక్టరు కొనిరి, మరికొందరు జేసీబీ కొనిరి, ఇంకను కొందరు టిప్పరు, వరికోత యంత్రము, బోరుబండి కొనిరి. ఇది సంతోషింపదగిన మార్పే. కాని తట్ట, పార ఇంటి మూలన ఇమిడెడివి. బోరుబండి ఏ మూలన ఇమిడును?

కొన్నేండ్ల క్రిందట ఆ వైపున ఒక యూరి చెరువుకట్టమీద నడచుచు, ఎండిన శికములో నాలుగైదు ట్రాక్టర్లును, చక్రములూడిన యొక లారీయు నిలిచియుండుట చూచితిని. ఒక యువకుడు ట్రాక్టరు క్రింద పరుండి పాత ఇంజను నూనెను నేలమీదికే వదలుచుండెను. "ఇచ్చట ఏల నాయనా?" అని యడిగితిని. అతడు బయటికి వచ్చి చేతులు తుడుచుకొనుచు, "మరి బండి యాడ పెట్టమంటరు సారూ? ఇంటి ముంగట సందు చూస్తె ఇంతంత ఉండె. చెర్వు ఎండినంక ఇది ఖాళీ జాగనే గద!" అనెను.

అతనికి వెంటనే బదులు చెప్పలేకపోయితిని. అతని మాటలో రెండు విషయములున్నవి. శికము ఖాళీ జాగా యనుట ఒకటి. బండికి వేరే చోటు లేదనుట మరియొకటి. మొదటిది పొరపాటు. రెండవది నిజము. మన చట్టములు మొదటిదానిని గూర్చి కొంత చెప్పినవి గాని రెండవదానిని గూర్చి దాదాపు ఏమియు చెప్పలేదు.

చెరువు ఎండినప్పుడు అది లేనట్లు తోచును. పాలమూరు వర్షములు నమ్మదగినవి కావు గనుక కొన్ని చెరువులు రెండు మూడేండ్లు గూడ నిండక యుండును. కాని చెరువు హద్దును నిర్ణయించునది ఆనాటి నీరు కాదు, అలుగు ఎత్తు. నీరు అలుగు అంచును తాకి, ఇక పొర్లుటకు సిద్ధముగా నున్నప్పుడు చెరువు చుట్టును ఎంతదూరము వ్యాపించునో ఆ గీతయే పూర్తి నీటిమట్టపు హద్దు. ఆ గీతకు లోపలి భూమి శికము. అందులో కొంత పట్టాభూమి యుండవచ్చును. నీరు తీసినప్పుడు రైతు దానిలో పంట వేసికొనవచ్చును గూడ. పంట నీటికి అడ్డు రాదు. నీరు వచ్చినప్పుడు పంట మునుగును, లేదా అంతకు ముందే కోత కోయబడును. మొరము అట్లు తప్పుకొనదు.

ఇంటిలో నున్నవారు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. లోతులేని పెద్ద పళ్ళెమును కొంచెము వాల్చి పెట్టి, అందులో గ్లాసుతో నీరు పోయుడు. నీరు వాలు మీదికి ఎంత త్వరగా ప్రాకునో గమనింపుడు. మన చెరువుల శికమంతయు అట్టి పళ్ళెమే. రెండువందల అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు గల శికములో, నీరు తొమ్మిది అంగుళములు పెరిగినచో నూట ఏబది అడుగులు మీదికి వచ్చును. ఒక జానెడు నీటికి అంత నేల! కావున చెరువు వెనుకభాగమున కాలిమడమ తడియని చోటనున్న నేలగూడ చెరువే. అదియే పశువులు మేయు చోటు. కొంగలు, నీటికోళ్ళు, బుడబుంగలు తిరుగునది అచ్చటనే. చేపపిల్లలు ఎక్కువగా పెరుగునదియు ఈ పలుచని నీటి అంచుననే. 2016 నుండి ప్రభుత్వము చెరువులలో చేపపిల్లలను ఉచితముగా విడుచు పథకమును నడపినది. ఆ పిల్లలకు నర్సరీ ఈ అంచే గాని నడిచెరువు కాదు.

ఇక మెట్ట సంగతి చూతము. ఒక ఎకరము శికమును ఒక మీటరు ఎత్తున మొరముతో నింపినామనుకొందము. చెరువు నిండినప్పుడు అచ్చట నిలువవలసిన నీరు 4,047 ఘనమీటర్లు, అనగా నలుబది లక్షల లీటర్లు. టిప్పరునకు పది ఘనమీటర్ల చొప్పున లెక్కించిన అది నాలుగువందల టిప్పర్ల మొరము. ఒక ఎకరము వరి పంటకు మొదటినుండి చివరకు కావలసిన నీటిలో రమారమి ఐదింట నాలుగు వంతులు ఆ మొరము క్రింద పోయినవి. వేరుసెనగ యైనచో రెండెకరములకు సరిపడు నీరు. పోయిన నీటిని ఎవడును దొంగిలించినట్లు కనబడదు. ఆయకట్టు చివర నున్న రైతునకు మాత్రము ఏ యేడాదికాయేడాది తూము నీరు ఒక తడి ముందుగా ఆగిపోవుచుండును. అతడు ఆకసమును నిందించును.

మొరము పోయకయే బండ్లు నిలిపినచో ఏమి దోషమని కొందరడుగుదురు. బరువు గల వాహనములు నిత్యము తిరుగుటచేత ఒండ్రుమట్టి రాయివలె గట్టిపడును. రాతినేలగల ఈ ప్రాంతమున చెరువునీరు మెల్లగా లోనికింకి, పగిలిన రాతి పొరలలో చేరి, చుట్టుప్రక్కల బావులను, బోర్లను బ్రతికించును. ఇంకుడు తగ్గిన ఆ మేర బోర్లు లోతునకు పోవలసివచ్చును. అట్లు బోర్లు వేయు బండియే శికములో నిలిచి ఇంకుటకు అడ్డుపడుట వింతగా నున్నది.

శికముకంటె ముందు చెడునది పాటుకాలువ. పొలములనుండి, మిట్టలనుండి వాననీటిని చెరువులోనికి తెచ్చు ఒర్రెలను, కాలువలను ఈ ప్రాంతమున తరతరములుగా కాపాడుకొనుచు వచ్చిరి. నీటిని పంచుటకు నీరటికాడుండెను. బండ్లు శికములోనికి దిగవలెనన్న ఈ కాలువను దాటవలెను. దాటుటకు ఒక తూము గొట్టము వేసి పైన మట్టి పోయుదురు. గొట్టము ఎప్పుడును సన్ననిదే యుండును. రెండు వానలకు చెత్తతో మూసికొనిపోవును. మూడవ వానకు నీరు చెరువునకు పోక రహదారి మీదికి, ఇండ్లలోనికి మరలును. నీరు తన దారి వెదకికొనుటలో ఎంత పట్టుదల గలదో ఈ మండలమువారికి చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదట కురిసిన భారీవర్షములకు వట్టెం పంపుహౌసులోనికే వరదనీరు చేరి యంత్రములు మునిగినవి. ఇంజనీర్లు కట్టిన పనికే అట్లయినప్పుడు మనము వేసిన గొట్టమెంత?

నూనె సంగతి చెప్పవలెను. ట్రాక్టరు ఇంజనులోనుండి తీసిన పాత నూనెలో రాపిడికి అరిగిన లోహపు రజను, కాలిన మసి, మందులుగా కలిపిన రసాయనములు ఉండును. ఒక్క గ్యాలను పాతనూనె పది లక్షల గ్యాలనుల మంచినీటిని చెడగొట్టగలదని అమెరికాలోని పర్యావరణ సంరక్షణ సంస్థ చెప్పుచున్నది. అది పలుచని పొరగా నీటిమీద పరచుకొని గాలిలోని ప్రాణవాయువు నీటిలో కలియకుండ చేయును. పగిలిన బ్యాటరీనుండి ఆమ్లము, సీసము దిగును. రేడియేటరులో పోయు శీతలద్రవము తీయగా నుండుటచే పశువులు నాకి చచ్చిన సందర్భములు పలుదేశములలో కలవు. ఇవి మనకు కొంత తెలిసినవే. తెలియని మరియొక సంగతి టైర్లది. అమెరికా పడమటి తీరమున వాషింగ్టను రాష్ట్రములో, వానలు పడగానే ఏరులలోనికి వచ్చిన కోహో సాల్మను చేపలు గుడ్లు పెట్టకముందే గుంపులుగా చచ్చెడివి. కారణము చాలకాలము తెలియలేదు. 2020 డిసెంబరులో అచ్చటి శాస్త్రజ్ఞులు ఆ రహస్యమును భేదించిరి. టైరు పగులకుండ రబ్బరులో కలుపు ఒక రసాయనము గాలిలోని ఓజోనుతో కలిసి వేరొక పదార్థముగ మారుచున్నదనియు, వాననీటితో ఏరులోనికి చేరి చేపలను చంపుచున్నది అదేననియు తేల్చిరి. మన చెరువులలోని రవ్వ, బొచ్చెలకు ఆ చేపలకు గల సున్నితత్వమే యున్నదని నేను చెప్పుట లేదు. పాతటైర్లను చెరువు అంచున కుప్పవేయుట నిరపాయమను ధీమాకు మాత్రము ఆధారము లేదందును.

ఇన్ని దోషములున్నప్పుడు చట్టమేమి చేయుచున్నదని అడుగుట సహజము. చట్టములు లేకపోలేదు. అవి వెదకునది గోడను. బండి గోడ కాదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2012 ఏప్రిల్ 7 వ తేదీన జారీచేసిన 168 వ ఉత్తరువులో చెరువుల హద్దులను గూర్చి స్పష్టముగా చెప్పబడినది. పూర్తి నీటిమట్టము లోపల ఏ కట్టడమును, ఏ అభివృద్ధి పనియు కూడదు. పది హెక్టార్లు, అనగా రమారమి 25 ఎకరములు, అంతకు మించిన చెరువునకు ఆ హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్నదైనచో 9 మీటర్లు ఖాళీగా విడువవలెను. పది మీటర్లకు మించిన వెడల్పుగల వాగులకును, కాలువలకును 9 మీటర్లు, అంతకు సన్ననివానికి 2 మీటర్లు. ఈ కొలతలను పైన చెప్పిన పళ్ళెపు లెక్కతో పోల్చి చూడుడు. రెండువందలకు ఒకటి వాలున్న చోట తొమ్మిది మీటర్ల నేలను ముంచుటకు అలుగుమీద రెండంగుళముల నీరు పొర్లిన చాలును. కుంట చిన్నదైనంత మాత్రాన దాని అంచు నిటారుగా నుండదు గదా! నా దృష్టిలో ఈ తొమ్మిది మీటర్లు మిక్కిలి పిసినారి లెక్క.

అంతకంటె ముఖ్యమైనది ఈ ఉత్తరువు పరిధి. పురపాలకసంఘములకును, పట్టణాభివృద్ధి సంస్థల ప్రాంతములకును, పట్టణ ప్రణాళిక ప్రకటింపబడిన గ్రామములకును ఇది వర్తించును. అట్టి ప్రాంతములలో అభివృద్ధి యను మాటకు భూమి వాడుకను చెప్పుకోదగినంతగా మార్చుట యను అర్థము గూడ కలదు. కావున గోడ లేకున్నను మట్టి నింపి బండ్లశాలగా మార్చుట దానిక్రిందికి వచ్చునని వాదింపవచ్చును. ప్రణాళికయే లేని పల్లెలో ఆ వాదమునకు ఊతము దొరకదు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించుటకు ఏర్పడి పత్రికలలో మారుమ్రోగిన హైడ్రా యను సంస్థ పరిధి హైదరాబాదు బాహ్యవలయ రహదారితో ముగియును. బిజినేపల్లి దాని చూపునకందదు.

కేంద్రప్రభుత్వపు నియమములు మరింత విచిత్రముగ నున్నవి. 1971 ఫిబ్రవరి 2 వ తేదీన ఇరానులోని రాంసర్ పట్టణమున కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము ప్రకారము సహజమైనదైనను, మనుష్యులు చేసినదైనను, ఏడాది పొడుగున నీరుండునదైనను, కొన్నినాళ్ళే యుండునదైనను, తడినేల తడినేలయే. ఆ లెక్కన మన ఎండిన చెరువుగూడ తడినేలయే. భారతదేశము 1982 లో ఆ ఒప్పందమున చేరినది. మన కొల్లేరు 2002 లో ఆ పట్టికకెక్కినది. కాని 2017 సెప్టెంబరు 26 న వెలువడిన భారతదేశపు తడినేలల నియమములు సాగునీటికొరకు ప్రత్యేకముగ కట్టిన జలాశయములను తమ నిర్వచనమునుండి మినహాయించినవి. తెలంగాణములోని చెరువులలో పెక్కు సాగునీటికొరకే కదా పుట్టినవి! ఐదారు వందల యేండ్లుగా కొంగలు గూడు కట్టుకొన్న చెరువైనను, రికార్డులో సాగునీటి చెరువైనందున తడినేల కాదు. పోనీ, ఆ నియమములు వర్తించు చోటనైన ఏమున్నది? అచ్చట గత పదియేండ్ల సగటు వరదమట్టమునుండి 50 మీటర్లలోపల శాశ్వత స్వభావముగల నిర్మాణము కూడదన్నారు. వాహనము శాశ్వత నిర్మాణము కానే కాదు. కదలుటయే దాని లక్షణమని చట్టము నమ్మును. రెండేండ్లుగా కదలక, చక్రముల చుట్టును తుమ్మమొలకలు లేచిన లారీని చట్టమునకు ఎవరు చూపుదురు?

గోడను గాక వాడుకను చూచు చట్టములు రెండు కలవు. 2002 లో వచ్చిన నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టము చెరువులను, కుంటలను, వానికి నీరు తెచ్చు కాలువలను సంరక్షణ ప్రాంతములుగ ప్రకటించుటకును, హద్దులను శాశ్వతముగ గుర్తించుటకును వీలు కల్పించినది. వ్యవసాయభూమిని ఇతర ప్రయోజనములకు మార్చుటను గూర్చి 2006 లో వచ్చిన చట్టము తెలంగాణములో అనుమతి లేకుండ అట్లు మార్చరాదనును. పట్టాభూమిలో అద్దెకు బండ్లు నిలుపుకొనువాడు ఒక్క ఇటుక పేర్చకపోయినను ఆ భూమిని వ్యవసాయమునుండి తప్పించినట్లే. అనుమతి కోరునాటికి ఆ భూమి చెరువునకు ఎంతదూరమున నున్నది, పాటుకాలువ ఎటు పోవుచున్నది అను ప్రశ్నలు వేయుటకు అధికారికి అవకాశము చిక్కును. వేయునా లేదా యన్నది వేరు సంగతి.

సుప్రీంకోర్టు తీర్పులు గూడ రెండు చెప్పదగినవి. పంజాబులో ఒక గ్రామపు కుంటను పూడ్చి ఇండ్లు కట్టుకొన్నవారి విషయమున 2011 జనవరి 28 న జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు వచ్చినది. చాలకాలముగ ఆక్రమించి యుండుట గాని, చాల సొమ్ము వెచ్చించి యుండుట గాని హక్కు కానేరదని కోర్టు నిష్కర్షగ చెప్పెను. గ్రామపు ఉమ్మడి భూములను తిరిగి గ్రామమునకు చేర్చవలెనని రాష్ట్రములన్నిటిని ఆదేశించెను. రెండవది అంతకుముందు 2002 అక్టోబరు 1 న సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో వచ్చినది. కేసులలో పట్టుబడిన వాహనములను ఠాణాలలో ఏండ్లతరబడి ఎండకు, వానకు వదలివేయుట నిరుపయోగమనియు, తగిన పూచీ తీసికొని త్వరగా యజమానికి అప్పగించుటయో, వేలము వేయుటయో చేయవలెననియు కోర్టు చెప్పెను. ఇసుక కేసులలో చిక్కిన ట్రాక్టర్లు ఆవరణ చాలక ఊరి చివరి ఖాళీలకు చేరుట తెలంగాణములో పలుచోట్ల చూచుచున్నదే. ఈ రెండవ తీర్పును శ్రద్ధగ పాటించినచో చెరువు ఒడ్డు బండ్లలో కొన్ని తమంత తామే తగ్గును.

కాలము చెల్లిన వాహనముల కొరకు 2021 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము తుక్కుకేంద్రముల నియమములు చేసినది. నమోదైన కేంద్రములో ముందుగా నూనెలను, బ్యాటరీని, వాయువులను వేరుచేసి తీసిన పిమ్మటనే బండిని విరువవలెను. ఇది మంచిదే. కాని మండలమునుండి అట్టి కేంద్రమునకు చచ్చిన లారీని తోలుకొని పోవుటకు అగు ఖర్చు, దానికి వచ్చు ధరలో పెద్దభాగము తినివేయును. అందుచేత అది చెరువు దగ్గరనే తుక్కువాని సుత్తికి ఎదురుచూచుచుండును.

ఇక ఆ యువకుని మొదటి ప్రశ్నకు వత్తును. బండి యాడ పెట్టవలె?

ఈ ప్రశ్నకు జవాబు లేకుండ శికమునుండి బండ్లను తరిమినచో అవి పాటుకాలువ మీదికో, బడి ఆటస్థలములోనికో చేరును. ట్రాక్టరు గలవాడు ధనికుడని తలపరాదు. అది అప్పులవానిది. నెలకిస్తు తప్పినచో మరునాడే దానిని తీసికొనిపోదురు. ఊరిలో నిలుపుటకు చోటు లేక, పొలములో నిలిపిన రాత్రి బ్యాటరీ, డీజెలు పోవునను భయముచేత నలుగురును ఒకచోట చేర్చి కాపలా కాచుకొందురు. ఆ ఒకచోటు సర్కారుభూమియై, ఊరికి దగ్గరయై, చదునైనదై యుండవలెను. ఈ మూడు గుణములును గలది శికమే. అది వారి దౌర్జన్యము కాదు, మన గ్రామ నిర్మాణములోని లోపము. 2020 నాటికి తెలంగాణములో ప్రతి గ్రామపంచాయతీకిని ఒక ట్రాక్టరు సమకూర్చబడినది. ఆ ట్రాక్టరే రాత్రివేళ ఎచ్చట నిలుచుచున్నదో ప్రతి ఊరివారును ఒకసారి చూచుకొనవలెను. పంచాయతీ బండికే నెలవు లేనప్పుడు ఇతరులకు హద్దులు చెప్పుట కష్టము.

నిలుపుటకును, ఉంచుటకును గల భేదమును గూడ గుర్తింపవలెను. శనిత్రయోదశినాడు నందివడ్డెమానునకు వచ్చు యాత్రికుల బండ్లు సాయంత్రమునకు మరలిపోవును. పూడికమట్టి తీయుటకు వచ్చిన ట్రాక్టరు చెరువులోనికే దిగవలెను. 2015 లో ఆరంభమైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేయ సంకల్పించినప్పుడు ఈ ట్రాక్టర్లును టిప్పర్లును లేకున్నచో పని సాగెడిది కాదు. పోరుమామిళ్ళ నూరు బండ్లకు ఇవి వారసులు. చెరువునకు శత్రువు వాహనము కాదు. పని లేని కాలమున ఆ వాహనము అచ్చటనే ఉండిపోవుట, దానికొరకు నేలను ఎత్తు చేయుట, అచ్చటనే మరమ్మతులు చేయుట, ఈ మూడింటిని ఆపిన చాలును.

అందుకు చేయవలసినది పెద్దది కాదు గాని వరుస తప్పరాదు. ముందు చోటు, పిదప నిషేధము. ఊరికి ఏ వైపు నీరు చెరువునకు పోదో ఆ వైపున, కట్ట క్రింది ఆయకట్టులో గాక, మిట్టమీది చెలకలో ఒకటి రెండెకరములు చూడవలెను. కట్ట క్రిందనైన తప్పేమని కొందరందురు. అచ్చటి నూనె తూము కాలువ వెంట నేరుగా వరిమడిలోనికి పోవును. సర్కారుభూమి లేనిచో రైతువద్ద కౌలునకు తీసికొని, బండికి ఇంతయని నెలరుసుము పెట్టవచ్చును. చుట్టును ఒక మూర లోతు కందకము, వాలు చివర ఒక ఇసుకగుంట, నూనె మార్చుటకు నాలుగు గజముల సిమెంటు తిన్నె, పాతనూనె పోయుటకు మూతగల పీపాలు రెండు, ఒక దీపస్తంభము. పాతనూనెకు కొనువారున్నారు. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత వానిని తయారుచేసిన సంస్థదేనని 2022 నియమముల తాత్పర్యము. దీపము, కాపలావాడు ఉన్నచోటికి బండి యజమానులు పిలువకయే వత్తురు. వారికి కావలసినది బ్యాటరీ భద్రము. చెరువుమీద వారికేమియు పగ లేదు.

కష్టము హద్దు గుర్తించుట దగ్గర వచ్చును. సర్వే జరిగిన చెరువులకు గూడ రాళ్ళు పాతినచోట్ల అవి నిలువవు. పొలము దున్నునప్పుడు కొన్ని కదలును, కొన్ని కదలింపబడును. అధికారపూర్వకమైన కొలత సాగునీటిశాఖవారును రెవెన్యూవారును కలిసి చేయవలసినదే. కాని అంతవరకు ఊరివారు ఊరక కూర్చుండ నక్కరలేదు. అలుగు పారుట మొదలైన దినము చెరువు తన హద్దును తానే గీచి చూపును. సాధారణముగ అది భాద్రపద ఆశ్వయుజములలో, బతుకమ్మలను చెరువున విడుచు దినములకు కొంచెము అటునిటుగా వచ్చును. ఆ మరునాటి యుదయమున సర్పంచి, పంచాయతీ కార్యదర్శి, చేపల సంఘమువారు, ఆయకట్టు రైతులు ఇద్దరు, బండ్ల యజమానులు ఇద్దరు కలిసి నీటి అంచు వెంట చుట్టును నడచి, నూరడుగులకొక చెట్టుమీదనో, రాతిమీదనో సున్నపు గుర్తు పెట్టి, ఛాయాచిత్రములు తీసి, గ్రామసభ పుస్తకములో వ్రాసికొనవచ్చును. రెండు గంటల పని. చేతికి ఒక సున్నపు బొక్కెన కావలెను. ఆ యుదయమున చక్రము తడిసియున్న బండి ఎవరిదైనను, అది పంచాయతీదే యైనను, దాని నంబరును గూడ ఆ పుస్తకములోనే వ్రాయవలెను.